తార: ఒకే పలుకు, మూడు పుట్టుకలు

వాలి భార్య తార. బృహస్పతి భార్యా తారే. టిబెట్ బౌద్ధులు కొలిచే దేవత తార. ఐర్లండులో, అమెరికాలో ఆడపిల్లలకు పెట్టుకునే పేర్లలోనూ తార ఉంది. చెవికి ఒక్కటిగా వినిపించే ఈ పేరుకు వేళ్లు మాత్రం మూడు చోట్ల ఉన్నాయి.

ముందు ఆకాశంలోని తార. పారశీకం నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చిన సితార, లాటిన్ స్టెల్లా, ఇంగ్లీషు స్టార్, గ్రీకు అస్తేర్ దీనికి తోబుట్టువులే. (వాద్యం సితార్ వేరు, అది ‘మూడు తీగలు’ అనే పారశీక మాట.) అన్నిటిలోనూ ఉన్న సకారం తారలో ఏమైంది? ఋగ్వేదం చూస్తే తెలుస్తుంది. ‘నక్షత్రాలు’ అనడానికి అందులో ‘తారః’ అని ఉంటుంది, ‘నక్షత్రాలతో’ అనడానికి ‘స్తృభిః’ అని ఉంటుంది. ఒక రూపంలో జారిపోయిన సకారం మరో విభక్తిలో చెక్కుచెదరకుండా నిలిచింది.

గ్రీకు మాట మొదట్లోని ‘అ’ కథ ఇంకా గొప్పది. ఈ భాషలన్నిటికీ మూలమైన భాషలో ఉండి తర్వాత మాయమైన ధ్వనులు కొన్ని ఉండాలని 1879 నాటి గ్రంథంలో భాషావేత్త ఫెర్డినాండ్ డి సస్యూర్ కేవలం తర్కంతో తేల్చాడు. అప్పుడాయన ఇరవయ్యొక్కేళ్ల కుర్రవాడు. 1915లో హ్రోజ్నీ అనే పండితుడు, ఈ కుటుంబానికే చెందిన ప్రాచీన హిట్టైట్ మట్టిపలకల భాష గుట్టు విప్పాడు. అందులో నక్షత్రాన్ని ‘హస్తేర్’ అన్నారు! గ్రీకు ‘అ’ ఉన్నచోటే హకారం! సస్యూర్ ఊహించిన ధ్వనుల ఆనవాలు ఈ హిట్టైట్ హకారంలో ఉందని 1927లో కురీవోవిచ్ అనే భాషావేత్త చూపించాడు. ఎవరూ వినని ధ్వనిని లెక్కగట్టడం, అది మూడు వేల ఏళ్ల నాటి మట్టిలో దొరకడం! భాషాశాస్త్రంలో నన్ను ఇంతగా కదిలించిన ఘట్టం మరొకటి లేదు.

బౌద్ధుల తార మూలం ‘దాటు’ అనే అర్థమున్న తౄ ధాతువు. తరించడం, తారకమంత్రం అందులోంచి వచ్చినవే. సంసార సాగరం దాటించే తల్లి ఆమె. టిబెట్ వాళ్లు ఆ పేరును తమ భాషలోకి తెచ్చుకున్నప్పుడు చుక్క అనలేదు, విడిపించేది అనే అర్థంలో ‘డ్రోల్మా’ అన్నారు.

ఐరిష్ తారకు ఈ రెంటితోనూ చుట్టరికం లేదు. అది మీత్ కౌంటీలో ప్రాచీన రాజుల పీఠంగా పేరొందిన గుట్ట. పాత ఐరిష్‌లో దాని పేరు తెమైర్. నడిమి మకారం మెత్తబడుతూ వచ్చి, ఇంగ్లీషు వాళ్ల నోట పూర్తిగా రాలిపోయి, తార మిగిలింది. 1936లో వచ్చిన మార్గరెట్ మిచెల్ నవల ‘గాన్ విత్ ది విండ్’లో ఒక ఐరిష్ వలసదారు తన పత్తి ఎస్టేటుకు ఆ గుట్ట పేరే పెట్టుకుంటాడు. 1939లో సినిమా వచ్చాక, అమెరికన్ తల్లిదండ్రులు దాన్ని తమ కూతుళ్లకు పెట్టడం మొదలుపెట్టారు.