పెరటి పాదులో గింజ ఎందుకు మొలవదు?

తొలకరి జల్లు పడి పెరడు పదునెక్కగానే ఇంటింటా గింజల మూటలు అటక దిగుతాయి. ఆనప, బీర, కాకర, బెండ, నాలుగు బంతి గింజలు - ఉన్నవన్నీ ఒక్కరోజే నేలలో పడతాయి. పది రోజులు గడిచినా పాదులో మొలక కనబడకపోతే గింజ మంచిది కాదని తీర్మానించడం పరిపాటి. గింజలో లోపం ఉంటే ఉండవచ్చు. కాని వేసిన లోతు, పోసిన నీరు, పట్టిన చీమ ఎవరికీ గుర్తుండవు.

పాత గింజ అయితే ముందుగా పరీక్షించుకోవడం మేలు. ఇరవై గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండా నీళ్ళు చిలకరిస్తూ వంటింట్లో ఓ మూల ఉంచితే చాలు. బెండ, దోస సంగతి వారంలో తేలిపోతుంది. వంగ, మిరపకు రెండు వారాలు ఆగాలి. ఇరవైకి పద్నాలుగు మొలిస్తే నూటికి డెబ్బై అన్నమాట. ధ్రువీకరించిన వంగ, టమాట విత్తనానికి ఉండవలసిన కనీస మొలక శాతం కూడా అదే. బెండకు 65, మిరపకు 60 ఉన్నా చాలు. సగమే మొలిస్తే పాదుకు రెట్టింపు గింజలు వెయ్యాలి. ఐదు కూడా దాటకపోతే కొత్త విత్తనం తెచ్చుకోవడమే నయం. అయితే అది ఊళ్ళో మరెవరి దగ్గరా లేని పాతరకమైతే, గుడ్డలో మొలిచిన ఆ ఐదింటినే జాగ్రత్తగా పాదులోకి దించుకోవాలి. ఒక్క తీగ బతికి కాయ ముదిరినా ఇంటికి సరిపడా గింజ వస్తుంది.

ఉల్లి గింజ ఏడాది తిరిగేసరికి చాలావరకు చచ్చుపడుతుంది. దోస, గుమ్మడి గింజలు పొడిగా ఉంచితే మూడు నాలుగేళ్ళు నిలుస్తాయి.

కదిలిస్తే ఒప్పుకోనివి

ఆనప, బీర, కాకర, పొట్ల, బెండ, చిక్కుడు ఉండవలసిన చోటే వెయ్యాలి. వాటి వేరు కదిలిస్తే తట్టుకోదు. గింజ మందానికి రెండు మూడింతల లోతు చాలు. కాకర, పొట్ల గింజల పెంకు గట్టిది. ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలక ముక్కు కనబడగానే నేలలో పెడితే త్వరగా పైకి వస్తాయి. తోటకూర గింజ నలుసంత కనుక పొడి ఇసుకలో కలిపి చల్లి, పైన పలచగా మట్టి జల్లాలి. మడి చుట్టూ బూడిద చల్లకపోతే సగం గింజ చీమల పుట్టకే చేరుతుంది.

పాతరకం చిక్కుడుకు పగలు పొట్టిదైతేనే పూత. సంక్రాంతి దాటాక వేసినవారికి మళ్ళీ చలికాలం దాకా ఆకే మిగులుతుంది.

ధనియాన్ని చాలామంది ఒక గింజ అనుకుంటారు. అందులో ఉండేవి రెండు. చెక్కతో మెల్లగా నలిపి రెండుగా విడదీసి వేస్తే మొలక సమంగా వస్తుంది. అయినా వారం పది రోజులు ఓపిక పట్టాలి.

రాత్రికి రాత్రి కూలే నారు

వంగ, టమాట, మిరపలకు మాత్రం నారు పొయ్యక తప్పదు. ఇంటి అవసరానికి చేటంత మడి సరిపోతుంది. నేలకు జానెడు ఎత్తుగా మట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి చదును చెయ్యాలి. పచ్చిపేడ పనికిరాదు. నాలుగు వేళ్ళ ఎడంగా గీతలు గీసి గింజ పలచగా వేసి, సన్నని మట్టి కప్పి, పైన వరిగడ్డి పరవాలి. మొలక తల ఎత్తిన రోజునే సాయంత్రం ఆ గడ్డి తీసెయ్యాలి. రెండు రోజులు ఆలస్యమైనా నారు వెలుతురు కోసం సాగి, పాలిపోయి, నిలబడలేక వాలిపోతుంది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ నారుకుళ్ళు. సాయంత్రం పచ్చగా ఉన్న నారు తెల్లారేసరికి నేలను ఆనుకున్నచోట తడిదారంలా సన్నబడి గుంపుగా కూలుతుంది. పురుగు కొరికిందనుకుంటారు. అది నేలలో ఉండే బూజు జాతి తెగులు. ఒత్తుగా పోసిన గింజ, రోజుకు రెండు పూటలా పోసిన నీళ్ళు దానికి ఊతం. నీరు ఉదయం ఒక పూటే, అదీ మన్ను ఆరితేనే పొయ్యాలి. కొద్దిచోట కనబడగానే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి మడి తడపాలి. కూలిన మొక్క మళ్ళీ లేవదు. పక్క మొక్కలను కాపాడుకోవడానికే ఈ మందు.

టమాట నారు 25 నుంచి 30 రోజులకు, వంగ 30 నుంచి 35 రోజులకు, మిరప ఆరు వారాలకు నాటుకు వస్తాయి. నాటడం సాయంత్రం పూట అయితే మొక్క వాడదు.

పూలలో బంతి సులువు. జూలై 20 ప్రాంతంలో వచ్చే పుష్యమి కార్తెలో నారు పోస్తే దసరా, దీపావళికి పూలు అందుతాయి. కనకాంబరం ఎండిన కంకిని తడిపితే కాయలు చిటపటా పగిలి గింజలు ఎగిరిపడతాయి, పైన గుడ్డ కప్పాలి. ఢిల్లీ కనకాంబరం గింజ కట్టదు, దానికి కొమ్మే నాటాలి. చామంతికి పిలకలే.

చూరుకు వేలాడే బుర్ర

హైబ్రిడ్ కాయ నుంచి తీసిన గింజ తల్లిని పోలిన కాపు ఇవ్వదు. అందుకే గింజకు పాతరకాలే ఉంచుకోవాలి. బీర, ఆనప కాయలను తీగ మీదే ఎండనిచ్చి, లోపల గింజ గలగలమన్నాక కోసి చూరుకు వేలాడదీసే పాత పద్ధతి ఇప్పటికీ సాటిలేనిది. టమాట గింజను గుజ్జుతో ఒక రోజు పులియబెట్టి, కడిగి నీడన ఆరబెట్టాలి.

ఆనపకు మరో జాగ్రత్త ఉంది. గింజకు ఉంచదలచిన తీగ నుంచి ముందు ఒక లేతకాయ కోసి చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడాలి. చేదుగా ఉంటే వెంటనే ఉమ్మివెయ్యాలి. ఆ తీగ గింజ ఉంచకూడదు, కాయ వండకూడదు. చేదు ఆనప రసం తాగి ప్రాణాలు పోయిన సంఘటనలు మన దేశంలో ఉన్నాయి.

ఇక దుకాణంలో కొన్న పొట్లంలో గింజలు గులాబీ, ఎరుపు రంగుల్లో ఉంటే అది మందు పట్టించిన గుర్తు. మిగిలాయి కదా అని కోళ్ళకు చల్లకూడదు, గుమ్మడి గింజ అయినా వేయించుకు తినకూడదు. విత్తాక చేతులు సబ్బుతో కడుక్కుని, మిగిలిన పొట్లాన్ని పిల్లలకందకుండా, వంటింటి డబ్బాలకు దూరంగా పెట్టాలి.