స్టీరింగ్ తిప్పాక బండి ఆలోచించుకుని తిరిగేది!

మా ఇంట్లో నాకంటే ముందే వచ్చిన ఆడపిల్ల ఒకతి ఉంది. పేరు పద్మిని. ప్రీమియర్ పద్మిని, 1990 మోడల్. నాన్న బీహెచ్‌ఈఎల్‌లో పనిచేసేటప్పుడు కొన్నారు. ఆయన రిటైరైపోయారు కానీ అది మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. లింగంపల్లిలో మా గేటు ముందు ఆగి దాంతో సెల్ఫీలు దిగి వెళ్లేవాళ్లు కూడా ఉన్నారు.

దీని పుట్టిల్లు ఇటలీ. ఫియట్ 1100నే మన దగ్గర ముంబై కుర్లాలో ప్రీమియర్ కంపెనీ తయారుచేసేది. తర్వాత పద్మిని అని పేరు పెట్టారు. 2000 దాటేసరికి తయారీ ఆగిపోయింది. ముంబైలో ఆఖరి పద్మిని టాక్సీ కూడా 2023 అక్టోబరులో సెలవు తీసుకుంది. అంటే పార్టు అరిగితే షోరూమ్‌కి వెళ్లి అడిగే చాన్సే లేదు.

ఆ కష్టమేంటో నాకు స్టీరింగ్ దగ్గర తెలిసింది.

అండర్‌పాస్‌లో అర సెకను

నాన్నకు కంటి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు బండి నడపొద్దన్నారు. చెకప్‌కి నేనే తీసుకెళ్తున్నా. లింగంపల్లి రైల్వే అండర్‌పాస్ దిగుతుంటే పక్కన ఆర్టీసీ బస్సు. కొంచెం ఎడమకు జరుగుదామని స్టీరింగ్ తిప్పా. బండి జరగలేదు. ఇంకొంచెం తిప్పా. అప్పుడు ఒక్కసారిగా గోడ వైపు లాగింది. మళ్లీ సరిచేసి బయటపడేసరికి నా వీపంతా చెమట.

"నాన్నా, ఇదేంటి ఇలా ఉంది?" అన్నా.

"పాత బండి గదమ్మా, గట్లనే ఉంటది. కొంచెం ముందే తిప్పాలె" అన్నారు చాలా కూల్‌గా.

అప్పుడు వెలిగింది నాకు. పాత సినిమాల్లో హీరో తిన్నటి రోడ్డు మీద కూడా స్టీరింగ్ అటూ ఇటూ ఊపుతుంటాడు చూడండి, నాన్న కూడా అచ్చం అలాగే నడుపుతారు. మేం నవ్వుకునేవాళ్లం. అది స్టైల్ కాదు, బండి లోపాన్ని చేతులు కప్పిపుచ్చడం! అరుగుదల రోజుకు వెంట్రుకవాసి చొప్పున వస్తుంది. రోజూ నడిపే మనిషి దానికి తగ్గట్టు తనే మారిపోతాడు. కొత్తగా కూర్చున్న మనిషికే తెలుస్తుంది.

పది నిమిషాల పని!

మొదట చూపించిన మెకానిక్ "పది నిమిషాల పని మేడమ్" అని స్టీరింగ్ బాక్స్ మీదున్న స్క్రూ బిగించాడు. నిజంగానే ఊగడం తగ్గింది. తీరా యూటర్న్ తీసుకుంటే స్టీరింగ్ బిగుసుకుపోయింది. వదిలితే దానంతటది వెనక్కి రావడం లేదు. ముందుకంటే ఇదే భయం వేసింది.

చందానగర్ వైపు ఒక పాత షెడ్డు ఉందని ఎవరో చెబితే వెళ్లా. అక్కడి చాచా కథంతా విని ఒకటే ప్రశ్న వేశారు: "బేటా, మీ ఇంట్లో సన్నికల్లు ఉందా?"

ఉంది. ఏళ్ల తరబడి నూరితే మధ్యలో గుంట పడుతుంది, అంచులు అలాగే ఉంటాయి. స్టీరింగ్ బాక్స్‌లోని వార్మ్ గేర్ కూడా అంతే. మనం ఎక్కువసేపు నడిపేది తిన్నగానే కాబట్టి మధ్యలోనే ఎక్కువ అరుగుతుంది. అక్కడి సందు పోయేదాకా స్క్రూ బిగిస్తే, అరగని అంచుల దగ్గర పట్టేస్తుంది. చాచా ముందు ఆ స్క్రూని వదులు చేశారు. "రోగం ఎక్కడుందో చూడకుండా మందెట్లా వేస్తాం?" అన్నారు.

కిందికి దూరితే కనిపించింది

టెస్టు చాలా సింపుల్. బండి నేల మీదే, ఇంజన్ ఆఫ్, హ్యాండ్‌బ్రేక్ వేసి, టైర్లకు అడ్డంగా ఇటుకలు. ఒకరు స్టీరింగ్‌ని అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పాలి. ఇంకొకరు కింద ఒక్కో జాయింట్‌నూ చూడాలి. నేను ఫోన్ లోపల పెట్టి స్లో మోషన్ వీడియో తీశా. భలే దొరికింది! రాడ్డు కదిలిన తర్వాత, కాస్త ఆగి అవతలి భాగం కదులుతోంది. రెండు టై రాడ్ ఎండ్లు పోయాయి. వాటి రబ్బరు తొడుగులు చిరిగి, లోపల గ్రీజు బదులు మట్టి ఉంది. ఐడ్లర్ ఆర్మ్ బుష్ కూడా అరిగి, ఆర్మ్ పైకీ కిందికీ ఊగుతోంది. బాక్స్ తప్పు కొంచెమే, మిగతాదంతా వీటిదే.

టై రాడ్ ఎండ్ల కోసం రెండు శనివారాలు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తిరిగా. "పాతవాటికే వెల్డింగ్ పెట్టిద్దామా?" అని అడిగితే చాచాకు మొదటిసారి కోపం వచ్చింది. వెల్డింగ్ వేడికి ఆ ఉక్కు గుణం మారిపోతుందట. విరిగేముందు చెప్పి విరగదు. ఇంజన్ ఆగితే బండి పక్కకు పెట్టొచ్చు, టై రాడ్ విరిగితే పక్కకు పెట్టడానికి స్టీరింగే ఉండదు. అందుకే ఎండ్లు కొత్తవే కొన్నాం. బుష్ మాత్రం బాలానగర్‌లో లేత్ మీద గన్‌మెటల్‌తో చేయించాం.

పాతవి విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు ఊడొచ్చాయో లెక్కపెట్టి రాసుకున్నా. కొత్తవి అన్నే చుట్లు బిగిస్తే చక్రాల అలైన్‌మెంట్ దాదాపు దారిలో ఉంటుంది. నట్టు ఊడకుండా వేసే స్ప్లిట్ పిన్నులు కొత్తవే వాడాలి, పాతవి వంచి మళ్లీ పెట్టకూడదు. అలైన్‌మెంట్‌కి వెళ్తే అక్కడి కంప్యూటర్ లిస్టులో పద్మిని పేరే లేదు! చివరికి చాచాయే టేపు పట్టుకుని రెండు చక్రాల మధ్య ముందూ వెనకా కొలిచి సెట్ చేశారు.

మీ బండి సంగతేంటి?

సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 98వ రూల్ ప్రకారం స్టీరింగ్ ఉత్తి ఆట 30 డిగ్రీలు దాటకూడదు. జాయింట్లకు రబ్బరు తొడుగులు ఉండాలి, బోల్టులూ పిన్నులూ ఊడకుండా లాక్ అయి ఉండాలి. 30 డిగ్రీలంటే గడియారంలో 12 నుంచి 1 దాకా. మాది అంతకంటే ఎక్కువే ఉండింది. అది చట్టం గీసిన ఆఖరి గీత మాత్రమే. 29 ఉంటే బండి బాగున్నట్టు కాదు.

డాక్టర్ ఓకే చెప్పాక, మొన్న ఆదివారం పొద్దున నాన్న మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నారు. ఖాళీ రోడ్డు. బండి పాములా మెలికలు తిరుగుతోంది! నా గుండె జారింది. మళ్లీ ఏం పోయిందో అనుకున్నా.

బండికి ఏమీ కాలేదు. నాన్న చేతులు పాత అలవాటుగా అటూ ఇటూ ఊపుతున్నాయి, ఈసారి బండి ప్రతి మాటా వింటోంది.

నాన్న పక్కకు ఆపి కాసేపు స్టీరింగ్ వైపే చూశారు.

"ఇన్నేండ్లు మీ అమ్మను ఇట్లనే తిప్పిన్నా?" అన్నారు మెల్లగా.

నేనేం మాట్లాడలేదు. ఆయన మళ్లీ స్టార్ట్ చేశారు. ఈసారి చేతులు కదలకుండా పట్టుకున్నారు.