పిండిలోంచి పేపర్ చదివించాం!

బేకరీ అద్దం ముందు నాన్న ఆగిపోయారు. అక్టోబర్ మొదటి వారం, మ్యూనిక్. ఫుట్‌పాత్ నిండా పసుప్పచ్చటి ఆకులు, తలుపు తెరిచినప్పుడల్లా దాల్చినచెక్క వాసన. అద్దం వెనక ట్రేలో పొడవాటి చుట్టలాంటిది ఒకటుంది. దాని మీద పంచదార పొడి దట్టంగా జల్లారు.

"ఏంట్రా అది?"

"ఆపిల్ స్ట్రూడల్ నాన్నా. లోపలంతా ఆపిల్ ముక్కలే. తింటారా?"

ఓ రెండు క్షణాలు చూశారు. "వద్దులే, పద" అని చేతులు జేబులో పెట్టుకుని ముందుకు నడిచారు.

మా నాన్న సంగతి తెలిసినవాళ్లకి ఇదెంత పెద్ద విషయమో అర్థమవుతుంది. మాది రాజమండ్రి. ఆత్రేయపురం వైపు ఏ పని పడినా పూతరేకుల పెట్టె లేకుండా ఇంటికి రాని మనిషి ఆయన. గొట్టం కాజా కొరికితే పాకం చేతి మీదకి కారాల్సిందే, లేకపోతే అది కాజా కాదు అనేవారు. ఏడేళ్లుగా షుగర్. నా దగ్గరికి బయల్దేరే ముందు చేయించిన టెస్టులో హెచ్‌బీఏ1సీ 8.2 వచ్చింది. డాక్టరు గట్టిగా చెప్పారో, తనే భయపడ్డారో కానీ స్వీట్లు పూర్తిగా మానేశారు. మంచిదేగా అంటారా? మంచిదే. కానీ వాటితోపాటు భోజనం దగ్గర కబుర్లు కూడా మానేశారు. పెట్టింది తింటారు, చెయ్యి కడుక్కుంటారు, లేచిపోతారు. వచ్చిన రోజే అమ్మ వంటింట్లోకి పిలిచి నాకు చెప్పింది ఇదే. "షుగర్ కంటే నాకు ఇది భయంగా ఉందిరా."

దసరా ఇంకో పది రోజుల్లో ఉంది. ఆ రాత్రి ల్యాప్‌టాప్ తెరిచి లెక్కలు మొదలుపెట్టాను.

వెన్న ఎక్కడ దాక్కుంది?

ఆపిల్‌తో చేసే బేకింగ్ ఐటమ్స్‌లో బరువంతా ఆపిల్‌ది అనుకుంటాం. కాదు, పిండిది. మామూలు ఆపిల్ పై తీసుకోండి. 300 గ్రాముల మైదాకి 150 నుంచి 200 గ్రాముల వెన్న పడుతుంది. పఫ్ పేస్ట్రీ అయితే, అదేనండీ, మన ఎగ్ పఫ్ పైన పొరలు పొరలుగా ఊడొచ్చేది, క్లాసిక్ పద్ధతిలో మైదా ఎంతో వెన్న కూడా దాదాపు అంత. ఆ పొరల్ని విడదీసేదే వెన్న.

స్ట్రూడల్ అసలు పిండి వేరు. 250 గ్రాముల మైదాకి రెండు పెద్ద చెంచాల నూనె, అంతే. ఇక్కడ పొరలు వెన్న వల్ల రావు. పిండిని టేబుల్ క్లాత్ అంత వెడల్పుగా, అవతలి వస్తువు కనిపించేంత పల్చగా లాగి, చాపలా చుట్టేస్తారు. అలా చుట్టిన చుట్టల వల్లే పొరలు వస్తాయి. జర్మన్‌లో స్ట్రూడల్ అంటే సుడిగుండం. ముక్క కోసి చూస్తే పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. అయితే ఇంత లాగే ఓపిక లేక చాలాచోట్ల పఫ్ పేస్ట్రీతోనే చుట్టేస్తున్నారు. పేరు అదే, పిండి మాత్రం వేరు. కొనేముందు అడగడం మంచిది.

చిన్న పక్కదారి. వియన్నా సిటీ లైబ్రరీలో 1696 నాటి చేతిరాత వంటల పుస్తకం ఒకటుంది. ఇప్పటివరకు తెలిసిన పాత స్ట్రూడల్ వంటకం అందులోదే. విచిత్రం ఏంటంటే అది ఆపిల్‌ది కాదు, పాలు, మీగడతో చేసేది. ఆ పల్చటి పిండి విద్య తుర్కుల బక్లావా వైపు నుంచి హంగరీ మీదుగా వచ్చిందంటారు.

అసలు పిండి తేలికే అయినా సంప్రదాయ పద్ధతిలో మిగతా చోట్ల చెయ్యి ధారాళంగా ఉంటుంది. రేకు మీద వెన్న, లోపల చల్లే బ్రెడ్ పొడి వేయించడానికి వెన్న, కిలో ఆపిల్స్‌కి వంద గ్రాముల పైనే పంచదార, పక్కన వెనిలా సాస్. నేను కోత పెట్టింది ఇక్కడే. వెన్న 30 గ్రాములు, అది కూడా కరిగించి బ్రష్‌తో పల్చగా రాయడానికే. పంచదార 30 గ్రాములు. బ్రెడ్ పొడికి ఒక చిన్న చెంచా నెయ్యి. సాస్ బదులు తీపి లేని గట్టి పెరుగు.

మొదటి వెర్షన్ క్రాష్

శనివారం ఉదయం అందరూ లేవకముందే మొదలుపెట్టాను. 250 గ్రాముల మైదా, 125 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు, నూనె, చిటికెడు ఉప్పు, చిన్న చెంచా వెనిగర్. పది నిమిషాలు పిసికాను. సిల్కులా వచ్చింది. వెంటనే అప్పడాల కర్ర తీసుకుని మొదలెట్టా. అటు వత్తితే ఇటు ముడుచుకుంటోంది. కోపమొచ్చి చేత్తో లాగాను. మధ్యలో పిడికిలి పట్టేంత కన్నం పడింది. అతికించి మళ్లీ లాగితే పక్కన ఇంకోటి. అరగంట తర్వాత టేబుల్ మీద ఉన్నది చూస్తే వర్షంలో తడిసిన గోడ పోస్టర్‌లా ఉంది.

అమ్మ జుట్టు ముడేసుకుంటూ వచ్చి చూసింది. "కలిపి ఎంతసేపైంది?"

"ఇప్పుడేగా."

"బొబ్బట్ల పిండి ఎప్పుడైనా కలిపిన వెంటనే తట్టానా నేను?"

నేను చదివిన రెసిపీలో ఆ లైన్ ఉంది. అరగంట నుంచి గంట ఆగమని. నేనే స్క్రోల్ చేసేశాను. మైదాకి నీళ్లు తగలగానే అందులోని ప్రొటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుని గ్లూటెన్ అనే వలలా అల్లుకుంటాయి. పిసికేకొద్దీ ఆ వల బిగుస్తుంది. బిగుతుగా ఉన్నప్పుడు లాగితే రబ్బరులా వెనక్కి పోతుంది, మొండికేస్తే చిరుగుతుంది. కాసేపు వదిలేస్తే అదే సడలుతుంది. వెనిగర్‌లోని పులుపు కూడా దానికి సాయం. బొబ్బట్ల పిండిని నూనెలో గంటల తరబడి నానబెట్టేదీ, పరోటా మాస్టర్ ఉండలకి నూనె పూసి పక్కన పెట్టేదీ ఇందుకే. బీటెక్ చదివిన నాకు ఈ ముక్క అమ్మ చెప్పేదాకా తట్టలేదు.

మళ్లీ కలిపాం. ఈసారి ఉండకి నూనె రాసి, వేడినీళ్లతో కడిగి తుడిచిన గిన్నె దాని మీద బోర్లించి గంట వదిలేశాం.

ఆ గంటలో ఆపిల్స్ పని. మార్కెట్‌లో బోస్కోప్ అనే రకం కొన్నాను. తొక్క గరుకుగా, మట్టి రంగు మచ్చలతో చూడ్డానికి అందంగా ఉండదు. కొరికితే పుల్లగా ఉంటుంది. బేకింగ్‌కి ఇక్కడివాళ్లు వెతుక్కునేది దాన్నే. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి, పుల్లటి ఆపిల్ అంటే చక్కెర లేని ఆపిల్ కాదు. చక్కెర దానిలోనూ ఉంటుంది. కాకపోతే ఆ పులుపు వల్ల రుచి నిండుగా ఉంటుంది కాబట్టి పైన పంచదార తక్కువ వేసినా చప్పగా అనిపించదు. కిలో ఆపిల్స్ తొక్క తీసి, పల్చటి ముక్కలు కోసి, అర చెక్క నిమ్మరసం పిండి, దాల్చినచెక్క పొడి, 40 గ్రాముల కిస్‌మిస్, 30 గ్రాముల వాల్‌నట్ పలుకులు కలిపాం. పంచదార అప్పుడే వెయ్యకూడదు. వేస్తే ముక్కలు నీరు వదిలేసి అడుగున చెరువైపోతుంది. చుట్టే ముందే చల్లాలి.

టేబుల్ చుట్టూ ముగ్గురం

డైనింగ్ టేబుల్ మీద శుభ్రమైన నూలు దుప్పటి పరిచి, పిండి చల్లాం. ముందు కర్రతో పళ్లెమంత వత్తి, తర్వాత చేతులు కిందికి పోనిచ్చి పిడికిళ్ల వెనక వైపుతో మధ్య నుంచి అంచుకి లాగాలి. గోళ్లు తగలకూడదు, ఉంగరాలు ఉండకూడదు. అమ్మ ఉంగరం తీసింది. గాజులు తియ్యమంటే నా వైపు ఒక చూపు చూసింది. చివరికి వాటిని మోచేతి వైపు తోసి, కదలకుండా జుట్టు రబ్బరు బ్యాండు వేసుకుంది.

ఆమె చేతులు కదలడం చూస్తుంటే నాకే ఆశ్చర్యం. స్ట్రూడల్ పేరు నోరు తిరగదు కానీ పిండి ఎక్కడ బిగిసిందో వేళ్లకి తెలిసిపోతోంది. "అటు ఆపు. అక్కడ పల్చబడిపోయింది. ఇటు లాగు." అటు నేను, ఇటు తను. మూడో మూల పట్టుకునేవాళ్లు లేరు.

"ఏవండీ, ఒకసారి రండి" అని కేకేసింది.

సోఫాలోంచి లేచి వచ్చారు నాన్న. ఒక మూల పట్టుకోమంటే పట్టుకున్నారు. కాసేపటికి పిండి టేబుల్ అంచులు దాటి కిందికి వేలాడింది. అప్పుడు చెప్పాను, రేకు కింద పేపర్ పెడితే అక్షరాలు కనిపించాలట, అదీ ఇక్కడివాళ్ల పరీక్ష అని. ఇంట్లో పేపర్ ఎక్కడిది? ఆవకాయ సీసాలకి చుట్టి తెచ్చిన తెలుగు పేపర్ ఉంది. నేను ఒక పక్క పిండిని పిడికిళ్ల మీద ఎత్తి పట్టుకుంటే, నాన్న ఆ నూనె మరకల పేపర్‌ని కిందికి పోనిచ్చి, కళ్లజోడు సర్దుకున్నారు.

"'ప్లాట్లు అమ్మబడును'" అని పైకి చదివారు. "ఫోన్ నంబరే మసగ్గా ఉంది."

"అయితే ఇంకాస్త లాగుదాం" అంది అమ్మ.

లాగాం. నంబరు కూడా చదివారు. ఆ తర్వాత ఆ వెంచర్ ఎక్కడుందో, అక్కడ గజం ఎంత ఉండొచ్చో, 15 ఏళ్ల కిందట ఎవరు కొనమంటే తను కొనలేదో చెప్పుకుంటూ పోయారు. చేతిలో పిండి మూల అలాగే ఉంది.

"ఇది మన పూతరేకే" అన్నారు మధ్యలో. పూర్తిగా కాదు. పూతరేకు బియ్యప్పిండిది, గ్లూటెన్ ఉండదు. బోర్లించిన వేడి కుండ మీద గుడ్డతో పూస్తే, ఆ వేడికే క్షణంలో రేకు అవుతుంది. లాగుడు లేదు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఆయన అన్నదాంట్లో నిజముంది. రెండింటిలోనూ నోట్లో కరిగేది పొరల మధ్య గాలే. నేను ఎదురు చెప్పలేదు.

మందంగా మిగిలిన అంచుల్ని కత్తిరించేశాం. రేకు మీద వెన్న బ్రష్ చేసి, ఒక వైపున 50 గ్రాముల బ్రెడ్ పొడి, దాని మీద ఆపిల్స్, ఆఖర్న పంచదార. బ్రెడ్ పొడి మానేయొద్దు, ఆపిల్ రసాన్ని పీల్చుకునేది అదే. చుట్టడానికి చేతులక్కర్లేదు. దుప్పటి అంచు పట్టి ఎత్తితే దానంతటదే దొర్లుతుంది. 190 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు. తీసిన వెంటనే కొయ్యొద్దు, 20 నిమిషాలు ఆగితే లోపల సర్దుకుంటుంది.

రెండు గంటల తర్వాత

ఇప్పుడు నిజాయతీగా లెక్క. పది ముక్కలు చేస్తే ఒక్కోదానిలో సుమారు 250 కేలరీలు, 40 గ్రాముల దాకా పిండిపదార్థాలు. అంటే దాదాపు ఒక చిన్న కప్పు అన్నం. వెన్న, పంచదార బాగా తగ్గినమాట నిజమే కానీ మైదా మైదానే, కిస్‌మిస్ కిస్‌మిస్సే. "డయాబెటిక్ స్పెషల్" అని పేరు పెట్టే ఉద్దేశం నాకు లేదు. షుగర్ ఉన్నవాళ్లు భోజనం అయ్యాక దీన్ని అదనంగా తింటే షుగర్ పెరుగుతుంది.

ఇక్కడ పనికొచ్చింది బవేరియా, ఆస్ట్రియావాళ్ల అలవాటే. వాళ్లకి స్ట్రూడల్ ఎప్పుడూ చివర్లో తినే స్వీటే కాదు, ముందు సూప్ తాగి, దాన్నే భోజనంగా తినడం కూడా ఉంది. మేమూ అదే చేశాం. ముందు కప్పు నిండా ముద్దపప్పు, బీన్స్ వేపుడు, ఆ తర్వాత అన్నం బదులు ఒక ముక్క, పక్కన పెరుగు.

నాన్న చెంచాతో మొదలుపెట్టి, తర్వాత చెంచా పక్కన పడేసి చేత్తో తిన్నారు. పైపొర విరిగిన చప్పుడు నాకు వినిపించింది. "పుల్లగా బానే ఉంది" అన్నారు. "దాల్చినచెక్క కాస్త ఎక్కువైంది" అని కూడా. వంట గురించి వంక పెట్టి చాలా రోజులైందని అమ్మ కళ్లతోనే నాకు చెప్పింది.

రెండు గంటలకి గ్లూకోమీటర్ తీశాం. 168. మామూలుగా రాత్రి అన్నం తిన్నాక వచ్చేదానికంటే ఎక్కువేం కాదు. ఇది ఒక మనిషి ఒక రాత్రి రీడింగ్, అంతే. మీ ఇంట్లోవాళ్లకి పెట్టేముందు వాళ్ల డాక్టర్ని అడగండి, తిన్నాక మీటర్‌ని అడగండి.

దసరా రోజు మళ్లీ చేశాం, దాల్చినచెక్క తగ్గించి. కత్తిరించిన అంచుల్ని అమ్మ ఆరబెట్టి ముక్కలు చేసి, మర్నాడు టమాటా చారులో వేసింది.

నవంబర్ చివర్లో వాళ్లు వెళ్లిపోయారు. ఇండియాలో చేయాలనుకునేవాళ్లకి మా అమ్మ ప్రయోగాల నుంచి రెండు ముక్కలు. మార్కెట్లో దొరికే ఎర్ర డెలిషియస్ రకం ఉడికితే మెత్తబడిపోతుంది, తీపి కూడా ఎక్కువ. గ్రానీ స్మిత్ దొరికితే అది, లేకపోతే ఉన్న ఆపిల్స్‌లో గట్టివి ఏరి నిమ్మరసం పెంచండి, పంచదార అసలు వెయ్యకండి. మామూలు మైదా చాలు, పరోటా వచ్చే పిండితో ఇదీ వస్తుంది. చిన్న ఓటీజీ అయితే సగం కొలత పెట్టి, చుట్టని గుర్రపు నాడాలా వంచి ట్రేలో పెట్టండి.

పోయిన ఆదివారం వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. రాజమండ్రి ఇంట్లో డైనింగ్ టేబుల్, దాని మీద పెళ్లినాటి తెల్ల దుప్పటి, దాని మీద పిండి. ఒక మూల పట్టుకుని నాన్న. కింద మెసేజ్ ఆయనదే.

"రెండు చోట్ల చిరిగింది. మీ అమ్మ నేను లాగానంటోంది. వెనిగర్ ఎంతో మళ్లీ చెప్పు."