ఖతార్ అంతటికీ ఒకే చిరునామా

2007 జనవరి మొదట్లో ఒక వింత వార్త ఇంటర్నెట్‌లో గుప్పుమంది. వికీపీడియా ఒక దేశాన్ని మొత్తంగా నిషేధించిందట! ఆ దేశం ఖతార్. ఇంగ్లిష్ వికీపీడియా నిర్వాహకుల్లో ఒకరు చేసింది రోజూ చేసే పనే. 82.148.97.69 అనే ఐపీ చిరునామా నుంచి చెత్తరాతలు వచ్చిపడుతుంటే, ఆకతాయిలందరికీ వేసినట్టే దానికీ తాత్కాలికంగా తాళం వేశారు. తీరా చూస్తే అది ఏ ఒక్క ఇంటి చిరునామా కాదు. ఖతార్‌లో ఇంటర్నెట్ వాడేవాళ్లు దాదాపు అందరూ బయటి ప్రపంచానికి ఆ ఒక్క అంకెతోనే కనిపిస్తున్నారు.

వికీపీడియాను చదువుకోవడానికి ఎవరికీ అడ్డు రాలేదు. ఖాతా లేకుండా దిద్దుబాట్లు చేయడం మాత్రం ఆగింది. దేశాన్ని నిషేధించామన్న మాట పచ్చి అబద్ధమనీ, ఆ తాళం 12 గంటలు కూడా లేదనీ వికీపీడియా వ్యవస్థాపకుడు జిమ్మీ వేల్స్ వివరణ ఇచ్చారు. వికీపీడియాలో నిరోధం ఏ భాషకు ఆ భాషకే పరిమితం కాబట్టి, 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియాకు దీనితో సంబంధం లేదు. దోహా నుంచి తెలుగు వ్యాసం దిద్దాలనుకున్నవారికి ఆ రోజు కూడా దారి తెరిచే ఉంది.

2004 జనగణన ప్రకారం 7 లక్షల 44 వేల జనాభా ఉన్న దేశానికి ఒకే ఐపీ చిరునామా ఎలా వచ్చింది? అప్పట్లో అక్కడ ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ క్యూటెల్ ఒక్కటే. 2013లో ఊరెడూగా పేరు మార్చుకున్నది అదే. చందాదారులు పంపే వెబ్ అభ్యర్థనలన్నిటినీ క్యూటెల్ తన ప్రాక్సీ సర్వర్ల గుండా మళ్లించేది. అశ్లీల సైట్ల వంటివాటిని అడ్డుకునే జల్లెడ కూడా అక్కడే ఉండేది. వాడుకరి అడిగిన పేజీని అతని తరఫున ప్రాక్సీ వెళ్లి అడుగుతుంది. అవతలి సర్వర్‌కు కనిపించేది ప్రాక్సీ చిరునామాయే. గల్ఫ్‌కు వెళ్లిన మనవాళ్ల ఉత్తరాలు ఒకప్పుడు కంపెనీ పోస్టు బాక్సు నంబరుకే చేరేవి. క్యాంపులో ఎంతమంది ఉన్నా బాక్సు ఒకటే. ఖతార్ వెబ్ కూడా అలాగే నడిచింది, కాకపోతే కవరు మీద మనిషి పేరు లేకుండా.

ప్రాక్సీ అనే ఈ యంత్రాన్ని మొదట తలపెట్టింది జల్లెడ కోసం కాదు. సంస్థల లోపలి నెట్‌వర్క్‌లకు రక్షణగా ఫైర్‌వాల్ గోడలు లేచిన కొత్తలో, లోపలివాళ్లకు వెబ్ అందాలంటే గోడకు ఒక కిటికీ కావాలి. సెర్న్ ప్రయోగశాల వెబ్ సర్వర్‌కు ఆ సామర్థ్యాన్ని జతచేసిన తీరును అరీ లుయోటోనెన్, కెవిన్ ఆల్టిస్ 1994లో జెనీవాలో జరిగిన తొలి వెబ్ మహాసభలో వివరించారు. అందరూ ఒకే కిటికీ దగ్గరికి వస్తున్నప్పుడు, ఒకసారి తెచ్చిన పేజీని పక్కన దాచి రెండోవాడికి అదే ఇవ్వొచ్చు కదా? అలా మొదలైంది కాష్.

సెర్న్ సర్వర్ ఒక్కో అభ్యర్థనకు ఒక్కో కొత్త ప్రాసెస్‌ను పుట్టించేది. రద్దీ పెరిగితే మెషీన్ చతికిలబడేది. అమెరికాలో హార్వెస్ట్ అనే పరిశోధన ప్రాజెక్టులో పీటర్ డాంజిగ్ బృందం ఈ చిక్కును విప్పింది. వాళ్ల కాష్‌లో ఒకే ప్రాసెస్ వందల కనెక్షన్లను చూసుకుంటూ, దేనికోసమూ ఆగి కూర్చోకుండా తిరుగుతుంది. ఆ కోడ్ నుంచే డ్వేన్ వెసెల్స్ 1996లో స్క్విడ్ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేశారు. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ నిధులతో రూపుదిద్దుకుని, ఎవరైనా తీసుకుని మార్చుకోగలిగేలా బయటికి వచ్చింది. క్యూటెల్ ఖతార్‌లో ఇంటర్నెట్ సేవ మొదలుపెట్టిందీ ఆ సంవత్సరమే.

స్క్విడ్‌ను ఒక లినక్స్ మెషీన్ మీద నిలబెట్టడం పెద్ద విద్యేమీ కాదు, ఓపిక చాలు. ప్యాకేజీ ఎక్కించాక పనంతా స్క్విడ్ డాట్ కాన్ఫ్ అనే ఒక్క ఫైలులోనే. వినే పోర్టు 3128. ముందుగా తేల్చాల్సింది ఎవరిని రానివ్వాలన్నది. మన నెట్‌వర్క్ చిరునామాల వరసకు ఒక పేరు పెట్టి, వాళ్లకు అనుమతి అని ఒక వరుస, మిగతా అందరికీ నిరాకరణ అని చివరి వరుస రాస్తారు. స్క్విడ్ నియమాలను పైనుంచి కిందికి చదివి, మొదట సరిపోయినదాని దగ్గరే ఆగుతుంది. వరుసలు తారుమారైతే మనవాళ్లకే తలుపు మూసుకుంటుంది. అనుమతి వరుసలో అందరినీ చేర్చేస్తే ఊరందరికీ తలుపు తెరిచినట్టే. అలా తెరిచి ఉన్న ప్రాక్సీల కోసం గాలించేవాళ్లకు ఇంటర్నెట్‌లో ఎన్నడూ కొదవ లేదు.

తర్వాత పేజీలు దాచే గోదాము. మామూలు ఉదాహరణలో కనిపించే వరుస 100 మెగాబైట్ల డిస్కు, పైన 16 డైరెక్టరీలు, ఒక్కోదానిలో 256 చొప్పున అడుగుతుంది. ఇన్ని ఎందుకంటే లక్షల ఫైళ్లను ఒకే డైరెక్టరీలో కుక్కితే వెతకడానికే సమయమంతా పోతుంది. దాచినది పాతబడిందేమో తేల్చడం ఇంతకంటే సున్నితమైన పని. పేజీతోపాటు అసలు సర్వర్ పంపిన గడువు తీరకపోతే ప్రాక్సీ తన దగ్గరున్న ప్రతినే ఇస్తుంది. తీరితే 'ఫలానా తేదీ తర్వాత మారిందా?' అని అడుగుతుంది. మారలేదంటే జవాబు 304 అనే చిన్న సంకేతం. పేజీ మొత్తం మళ్లీ సముద్రం దాటి రానక్కర్లేదు.

ఆ ఆదా విలువ గల్ఫ్‌కు 2008లో బాగా తెలిసొచ్చింది. జనవరి 30న ఈజిప్టు తీరంలో రెండు సముద్రగర్భ కేబుళ్లు తెగాయి. రెండురోజులకు దుబాయ్ సమీపంలో ఫాల్కన్ కేబుల్ తెగింది. ఫిబ్రవరి 3న ఖతార్‌కు చెందిన హాలుల్ దీవినీ ఎమిరేట్స్‌లోని దాస్ దీవినీ కలిపే లింకు విద్యుత్ లోపంతో దెబ్బతింది. దారులు ఇలా ఇరుకైన వేళ, దేశం లోపల దాచిన ప్రతి పేజీ ఒక ప్రయాణాన్ని తప్పిస్తుంది.

మరి అందరూ ఒకే మనిషిలా కనిపించే చిక్కు? దానికి మందు కనిపెట్టింది స్క్విడ్ రచయితలే. అభ్యర్థనతోపాటు, అసలు అడిగినవారి ఐపీ ఇదీ అని ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ అనే శీర్షికలో ప్రాక్సీ రాసి పంపుతుంది. దాన్ని ఎవరైనా అబద్ధంగా రాసేయగలరు కాబట్టి, చేరినచోట కూడా జాగ్రత్త ఉండాలి. వికీపీడియా ఈ శీర్షికను నమ్మదగిన ప్రాక్సీలు పంపితేనే లెక్కలోకి తీసుకుంటుంది, వాటికి ఒక జాబితా ఉంది. ఇంటర్నెట్ సంస్థలు ఈ శీర్షికను పంపేలా ఒప్పించడానికి అక్కడి స్వచ్ఛంద కార్యకర్తలు ఒక ప్రాజెక్టే నడిపారు. లక్షలమంది పేరు మీద మాట్లాడే యంత్రం ఎవరి మాట ఎవరిదో చెప్పి తీరాలి. స్క్విడ్‌లో ఆ శీర్షికను ఆపేసేది కాన్ఫిగరేషన్‌లోని ఒక్క వరుస. అలా ఆపేసినందుకు శిక్ష పడేది ఆ యంత్రం సంగతే తెలియని వాడుకరులకు.

అటు వికీపీడియా కూడా 2004 నుంచీ తన సర్వర్ల ముందు స్క్విడ్‌నే నిలబెట్టుకుంది, చదువరుల తరఫున కాక తన తరఫున. తర్వాత వార్నిష్ అనే అలాంటి మరో సాఫ్ట్‌వేర్‌కు మారింది. 2015లో పూర్తిగా గుప్తీకరించిన హెచ్‌టీటీపీఎస్‌కు వెళ్లింది. మిగతా వెబ్ కూడా అదే దారి పట్టాక మధ్యలోని ప్రాక్సీకి లోపలి పేజీ కనిపించడం మానేసింది. గుప్త సొరంగం తెరిచి ఇవ్వడం తప్ప దాచుకోవడానికి దాని చేతికేమీ చిక్కదు.

అయినా ఒకేరకం లినక్స్ మెషీన్లు వందలకొద్దీ ఉన్నచోట స్క్విడ్‌కు ఇంకా పని ఉంది. డెబియన్, ఉబుంటు ప్యాకేజీల జాబితాకు డిజిటల్ సంతకం ఉంటుంది కాబట్టి ప్యాకేజీలు మామూలు హెచ్‌టీటీపీలో వచ్చినా నకిలీని పట్టేయవచ్చు. అందుకే వాటిని దాచుకోవచ్చు. మొదటి మెషీన్ దించుకున్న కెర్నల్ నవీకరణ మిగతావాటికి లోపలి నుంచే అందుతుంది. ఒక్క జాగ్రత్త చాలు: స్క్విడ్ మామూలుగా 4 మెగాబైట్లు దాటిన వస్తువును డిస్కులో దాచదు. ఆ పరిమితిని పెంచాలి, పెంచే వరుసను డిస్కు డైరెక్టరీ వరుసకంటే పైన రాయాలి. కింద రాస్తే కొన్ని వెర్షన్లలో ఆ గోదాముకు అది వర్తించదు, పెద్ద ప్యాకేజీలన్నీ ప్రతి మెషీన్‌కూ మళ్లీ బయటినుంచే వస్తుంటాయి.