హార్డ్‌ డిస్క్‌ బోర్డు మారిస్తే డేటా తిరిగొస్తుందా?

హార్డ్‌ డిస్క్‌లో మన ఫొటోలు, పాటలు గిర్రున తిరిగే పళ్లేలపై అయస్కాంత గుర్తులుగా ఉంటాయి. మోటారునూ, చదివే హెడ్‌లనూ నడిపించేది అడుగున ఉండే సర్క్యూట్‌ బోర్డు. కరెంటు హెచ్చుతగ్గులకు బోర్డు కాలిపోయినా, పళ్లేలపై డేటా చాలాసార్లు క్షేమంగానే ఉంటుంది.

మరి అదే మోడల్‌ బోర్డు తెచ్చి బిగిస్తే చాలదా? పాత డిస్కుల్లో చాలావాటికి చాలేది. ఇప్పుడు సాధారణంగా కుదరదు. ఎందుకంటే ఏ రెండు డిస్కుల హెడ్‌లూ అచ్చం ఒకేలా ఉండవు. ఫ్యాక్టరీలో ప్రతి డిస్క్‌నూ పరీక్షించి, దానికి తగిన సర్దుబాట్లను నమోదు చేస్తారు. వాటిలో కొన్ని బోర్డు మీది రోమ్‌ చిప్‌లో ఉంటాయి. అందుకే నిపుణులు ఆ చిప్‌ను ఊడదీసి కొత్త బోర్డుకు టంకం వేస్తారు.

డిస్క్‌ టిక్‌ టిక్‌మంటుంటే లోపం చాలావరకు లోపలి హెడ్‌లదే. బోర్డు మార్చినా లాభం ఉండదు. అలాగని మూత విప్పకండి. చిన్న దుమ్ము కణం కూడా పళ్లెంపై గీత పెట్టగలదు!