డాక్టర్లు చేతులెత్తేశాక

‘ది ఎగ్జార్సిస్ట్’ వచ్చి యాభై ఏళ్లు దాటింది. గాల్లోకి లేచే మంచం, గిర్రున తిరిగే తల ఇప్పుడు ఫోన్లలో నవ్వులాట వీడియోలైపోయాయి. అయినా ఆ సినిమా ముందు కుదురుగా కూర్చుంటే మొదటి గంటలోనే ఒళ్లు బిగుసుకుంటుంది. అప్పటికింకా దెయ్యం పూర్తిగా బయటపడనే లేదు!

1973 డిసెంబరు 26. క్రిస్మస్ మర్నాడు. అమెరికాలో కుటుంబాలు కట్టకట్టుకుని సినిమాలకు వెళ్లే పండగ వేళ, పన్నెండేళ్ల పిల్లకు దెయ్యం పట్టిన కథను వార్నర్ బ్రదర్స్ సంస్థ కొద్దిపాటి థియేటర్లలో విడుదల చేసింది. చూస్తుండగానే ఆ థియేటర్ల ముందు చలిలో గంటల తరబడి బారులు తీరిన జనం వార్తల్లోకెక్కారు. లోపల కొందరికి వాంతులయ్యాయి, కొందరు స్పృహ తప్పారు, కొందరు సగంలోనే లేచి వచ్చేశారు. వాళ్లను చూసి కూడా బయటివాళ్లు వరస వదల్లేదు.

అంతమందీ దెయ్యాన్ని చూసి జడుసుకున్నారనుకుంటాం. కానీ చాలామంది తల తిప్పుకున్న ఘట్టంలో దెయ్యమూ లేదు, దేవుడూ లేడు. అదొక ఆసుపత్రి గది. రేగన్ అనే ఆ పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, కదలకుండా పట్టీలు వేసి, మెడ దగ్గర రక్తనాళంలోకి సూది దించుతారు. రక్తం చిమ్ముతుంది. ఎక్స్‌రే యంత్రం దడదడా కొట్టుకుంటుంది. వెనక సంగీతం ముక్క లేదు. డాక్టర్లు, సిబ్బంది తమ పని తాము మర్యాదగానే చేసుకుపోతుంటారు. చూడలేకపోవడానికి ఆ మర్యాద కూడా ఒక కారణం.

ఇందులో అతిశయోక్తి లేదు. అప్పట్లో మెదడులో ఏముందో చూడాలంటే రక్తనాళంలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రేలు తీయాలి. లేదంటే వెన్నులోని నీరు తీసి, దాని బదులు గాలి పంపి తీయాలి. అది ఇంకా నరకం. మనిషి మెదడుకు మొట్టమొదటి సీటీ స్కాన్ 1971 అక్టోబరులో లండన్‌లో తీశారు. ఆ యంత్రం అమెరికా ఆసుపత్రులకు చేరింది 1973లో, అంటే సరిగ్గా ఈ సినిమా వచ్చిన ఏడాదే. మరికొన్నేళ్లకు ఆ పాత పరీక్షల అవసరం చాలావరకు తీరిపోయింది. పోబోతున్న ఒక వైద్య విధానాన్ని దర్శకుడు విలియం ఫ్రీడ్కిన్ తెలియకుండానే రికార్డు చేసి పెట్టాడు.

ఆయన డాక్యుమెంటరీలు తీసి పైకొచ్చినవాడు. 1971 నాటి ‘ది ఫ్రెంచ్ కనెక్షన్’ను వీధుల్లో పోలీసుల వెంటపడి తీసినట్టు తీసి ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ అందుకున్నాడు. దెయ్యం కథనూ అలాగే పట్టుకున్నాడు. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్‌లో అద్దె ఇల్లు. క్రిస్ మెక్‌నీల్ (ఎలెన్ బర్స్టిన్) రేగన్ తల్లి, సినిమా నటి, భర్త దగ్గర లేడు, దేవుడి మీద నమ్మకం లేదు. అటక మీద చప్పుడైతే ఎలుకలనుకుంటుంది. పిల్ల తిక్కతిక్కగా మాట్లాడితే డాక్టరు నరాల బలహీనతకు మాత్రలు రాస్తాడు. తర్వాత మెదడులో లోపమంటారు. పరీక్షలు, ఇంకా పరీక్షలు, ఎక్స్‌రేల్లో ఏమీ కనబడదు. మానసిక వైద్యుల వంతు వస్తుంది. చివరికి కోట్లు తొడుక్కున్న నిపుణులు ఓ బల్లనిండా కూర్చుని, రోగి నమ్మకాన్ని బట్టి పనిచేయొచ్చంటూ మొహమాటంగా ఒక సలహా ఇస్తారు: దెయ్యం విడిపించే పూజ చేయించి చూడండి. పిల్ల జబ్బుకు పేరు దొరక్క ఆసుపత్రుల చుట్టూ తిరిగిన ఏ తల్లికైనా క్రిస్ ముఖం ఎలా ఉంటుందో విడిగా చెప్పక్కర్లేదు. దెయ్యాన్ని వదిలించే పెద్ద ఫాదర్ మెరిన్ ఆ ఇంటి గుమ్మం ముందు దిగేసరికి సినిమా మూడొంతులు అయిపోతుంది.

కథ రాసింది విలియం పీటర్ బ్లాటీ. అంతకుముందు ఆయన హాస్య రచయిత. పింక్ పాంథర్ వరసలోని ‘ఎ షాట్ ఇన్ ద డార్క్’ స్క్రీన్‌ప్లేలో ఆయన చెయ్యి ఉంది. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో, 1949 ఆగస్టులో, వాషింగ్టన్ పోస్ట్‌లో ఒక వార్త చూశాడు: మేరీలాండ్ రాష్ట్రానికి చెందిన పద్నాలుగేళ్ల అబ్బాయికి పట్టిన దెయ్యాన్ని కేథలిక్ ఫాదర్లు వదిలించారట. సెయింట్ లూయిస్ నగరంలో ఆ తంతు వారాల తరబడి సాగింది. ఆ అబ్బాయి తర్వాత మామూలుగానే బతికాడు. బ్లాటీ ఆ వార్తను ఇరవై ఏళ్లకు పైగా మనసులో పెట్టుకుని, అబ్బాయిని అమ్మాయిగా మార్చి, 1971లో నవల చేశాడు. తనకది భయపెట్టే కథ కాదని, విశ్వాసం గురించిన కథ అని చివరిదాకా వాదించాడు.

ఆ వాదన ఉత్తది కాదు. ఫాదర్ కారస్ పాత్రను చూస్తే తెలుస్తుంది. ఆయన జెస్యూట్ సన్యాసి, పైగా మానసిక వైద్యుడు. తల్లిని మంచి ఆసుపత్రిలో చేర్చే డబ్బు లేదు. ఆమె ఒంటరిగా చనిపోతుంది. అంతకుముందే ఆయనకు దేవుడి మీద గురి తప్పింది. క్రిస్ వచ్చి అడిగితే, దెయ్యాల పూజలు పాతకాలం మాటలని తోసిపుచ్చేదీ ఆయనే. మామూలు కుళాయి నీళ్లు చల్లి పవిత్ర జలమని చెబితే రేగన్ మెలికలు తిరుగుతుంది. దెయ్యమే అయితే తేడా తెలియదా అని ఆయన అనుమానం. ఈ పాత్ర వేసిన జేసన్ మిల్లర్‌కు ఇదే తొలి సినిమా. ఆయన నాటక రచయిత, అదే 1973లో పులిట్జర్ బహుమతి తీసుకున్నాడు.

తెర వెనక సంగతులు తెరమీద వాటికంటే కలవరపెడతాయి. పడకగది సెట్‌ను న్యూయార్క్ స్టూడియోలో కట్టి, శీతల యంత్రాలు బిగించి, గడ్డకట్టే స్థాయికంటే బాగా కిందికి దించారు. నటుల నోటి వెంట వచ్చే ఆవిరి నిజమైనదే. సిబ్బంది చలికోట్లలో ఉంటే రేగన్ పాత్ర వేసిన పద్నాలుగేళ్ల లిండా బ్లేర్ పలచటి నైట్‌గౌనులో ఉంది. మంచం మీద ఆమెను కుదిపిన పరికరం నడుము దెబ్బతీసింది. బర్స్టిన్‌ను తాడుతో వెనక్కి లాగినప్పుడు వెన్ను దెబ్బతింది. అప్పుడామె వేసిన కేక సినిమాలో అలాగే ఉంది. నటులు ఉలిక్కిపడాలని ఫ్రీడ్కిన్ సెట్లో తుపాకీ పేల్చేవాడు. చివరి ఘట్టంలో చేతులు వణకాలని, నిజ జీవితంలోనూ ఫాదరే అయిన విలియం ఓ మాలీ చెంప ఛెళ్లుమనిపించాడు. దీన్ని దర్శకుడి తపస్సుగా కథలు కథలుగా చెప్పుకుంటారు. ఎంత గొప్ప షాట్ వచ్చినా, పనిచేసే చోట మనుషుల్ని గాయపరచడాన్ని ప్రతిభ ఖాతాలో వేయలేం. ఆ పక్కనే డిక్ స్మిత్ మేకప్ పని చూడండి. నలభైలలో ఉన్న మాక్స్ వాన్ సిడోను ముసలి ఫాదర్ మెరిన్‌గా మార్చింది ఆయనే. చాలామంది ప్రేక్షకులు అది అసలు వయసే అనుకున్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

దెయ్యం గొంతు మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్‌ది. ఆస్కార్ గెలిచిన నటి. గొంతు బొంగురుపోవడానికి సిగరెట్లు, విస్కీ, పచ్చిగుడ్లు పుచ్చుకుంది, తనను కుర్చీకి కట్టేయించుకుని అరిచింది. మొదట తెరమీద ఆమె పేరు వేయలేదు. ఆమె పోట్లాడాకే చేర్చారు. సంగీతం సంగతీ అంతే. లాలో షిఫ్రిన్ కట్టిన బాణీలను ఫ్రీడ్కిన్ విసిరికొట్టి, మైక్ ఓల్డ్‌ఫీల్డ్ పందొమ్మిదేళ్ల వయసులో రికార్డు చేసిన ‘ట్యూబ్యులర్ బెల్స్’ ముక్క తెచ్చి పెట్టాడు. పది ఆస్కార్ నామినేషన్లలో రెండు దక్కాయి. ఒకటి బ్లాటీ స్క్రీన్‌ప్లేకి, రెండోది శబ్దానికి. ఉత్తమ చిత్రం పోటీదాకా వెళ్లిన మొదటి హారర్ సినిమా ఇదే.

సినిమా మొదలయ్యేది ఇరాక్‌లో, మోసుల్‌కు దక్షిణాన ఉన్న హత్రా శిథిలాల్లో. అక్కడ ఫాదర్ మెరిన్‌కు ఎదురుపడే విగ్రహం పజుజుది. మెసపటోమియా ప్రజల గాలిదయ్యాల రాజు. సినిమా చెప్పని సంగతి ఒకటుంది. ఆ కాలపు గర్భిణులు, బాలింతలు పజుజు తలనే తాయెత్తుగా కట్టుకునేవారు. పసికందుల్ని ఎత్తుకుపోయే లమష్తు అనే దయ్యాన్ని తరిమేది ఆయనే అని నమ్మకం. మన ఇళ్ల ముందు కట్టే దిష్టిబొమ్మ లాంటివాడన్నమాట. పిల్లల కాపలాదారును పట్టుకొచ్చి హాలీవుడ్ పిల్లల్ని పీడించేవాణ్ణి చేసింది.

మనకు ఒంటి మీదికి వచ్చేదల్లా చెడ్డదే కాదు. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల్లో పచ్చికుండ మీద నిలబడి రంగం (భవిష్యవాణి) చెప్పే, అమ్మవారు పూనిన మహిళ ముందు భక్తులు చేతులు జోడిస్తారు. ఫాదర్ మెరిన్‌కు ఈ దారి తెలియదు. తెలుగులో ఈ కథకు దగ్గరి చుట్టం యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’. అక్కడా బలయ్యేది చిన్నపిల్లే. ఒక పక్క చేతబడి, ఇంకో పక్క వైద్యం నడుస్తాయి. రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ (1992), ఒంటరి తల్లి తన కూతుర్ని కాపాడుకునే ‘మసూద’ (2022) కూడా ఈ వంశానివే. అయితే మన సినిమాలు సాధారణంగా డాక్టరును రెండు సీన్లలో పంపించేసి మంత్రగాడికి తలుపు తీస్తాయి. ఆ ఆసుపత్రి ఘట్టాలను తీసేస్తే ‘ఎగ్జార్సిస్ట్’లో మిగిలేది మేకప్పే.

సినిమాలో డాక్టర్లు ఓడారు, ఫాదర్లు ప్రాణాలిచ్చి గెలిచారు. బయటి లోకంలో అలా జరగలేదు. పశ్చిమ జర్మనీలో మూర్ఛ వ్యాధికి చికిత్స పొందుతున్న 23 ఏళ్ల విద్యార్థినికి దెయ్యం పట్టిందని పది నెలల్లో 67 సార్లు ఆ పూజ చేశారు. మందులు ఆగిపోయాయి, తిండీ మానేసింది. 1976 జులై 1న చనిపోయేనాటికి ఆమె బరువు దాదాపు 30 కిలోలు. 1978లో కోర్టు తల్లిదండ్రుల్ని, ఇద్దరు ఫాదర్లను దోషులుగా తేల్చింది. ఎవరికైనా దెయ్యం పట్టిందని అంత తేలిగ్గా నమ్మవద్దని కేథలిక్ చర్చి 1614 నాటి పూజాగ్రంథమే ఫాదర్లను హెచ్చరిస్తుంది. 2007లో వైద్యులు కొత్త మెదడు వాపు ఒకటి కనిపెట్టారు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే మెదడు కణాల మీద తిరగబడుతుంది. ఎక్కువగా పడుచు ఆడపిల్లలకు వచ్చే ఆ జబ్బులో మూర్ఛలు, వింత మాటలు, ఒళ్లు మెలికలు తిరగడం కనిపిస్తాయి. వేళకు పట్టుకుంటే చాలామంది కోలుకుంటారు. రేగన్‌ను పరీక్షించిన డాక్టర్ల దగ్గర ఆ జబ్బుకు పేరు లేదు. ఇప్పుడుంది. అందుకే ఇంట్లో పిల్ల ఉన్నట్టుండి వేరే మనిషిలా మాట్లాడితే ముందు నరాల డాక్టరు దగ్గరికే తీసుకెళ్లండి.

ఇక సినిమా చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. 2000లో పది నిమిషాలు కలిపి వదిలిన ప్రతిలో దెయ్యం ముఖాన్ని అక్కడక్కడా అదనంగా మెరిపించారు, రేగన్ మెట్ల మీద వెల్లకిలా సాలీడులా దిగే షాటూ చేర్చారు. చెప్పకుండా వదిలినదాన్ని చూపించి పాడుచేశారు. 122 నిమిషాల 1973 నాటి ప్రతినే వెతుక్కోండి. పిల్లలున్న ఇళ్లలో వాళ్లు పడుకున్నాకే పెట్టండి.