బొర్రా కొండ గెలిచిన దావా

విశాఖ నుంచి అరకు వెళ్లే రైలు బొర్రాగుహలు స్టేషన్లో ఆగగానే పర్యాటకులు గుంపులుగా దిగి గుహల వైపు నడుస్తారు. దేశంలో రాజ్యాంగ చట్టం చదివే విద్యార్థులకు ఈ కొండల దావా ఒక పాఠమన్న సంగతి వాళ్లలో చాలామందికి తెలియదు. పట్టా కాగితమైనా లేని గిరిజనుల పక్షాన కోర్టుకెక్కి, ప్రభుత్వం ఇచ్చిన గనుల లీజులు చెల్లవనిపించిన 'సమత' కేసు ఇక్కడే పుట్టింది.

అనంతగిరి మండలంలో బొర్రా రిజర్వు అడవి, దాన్ని అంటిపెట్టుకుని 14 ఊళ్లు. తరతరాలుగా కొండపోడు కొట్టి చోళ్లు, సామలు పండించుకునే జనం. వాళ్ల కాళ్లకింద కాల్సైట్, అభ్రకం నిల్వలున్నాయి. ప్రభుత్వం ఆ భూముల్ని ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకిచ్చింది. నిమ్మలపాడు దగ్గర బిర్లా పెరిక్లేజ్ సంస్థకు ఇచ్చిన కాల్సైట్ లీజు వాటిలో ఒకటి. గిరిజనుల మధ్య పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ సమత 1993లో హైకోర్టులో రిట్ వేసింది.

ఏజెన్సీలో, అంటే షెడ్యూల్డు ప్రాంతంలో, '1/70' అనే మాట తెలియని ఇల్లుండదు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన చట్టమది. ఏజెన్సీ భూమి ఎవరి చేతిలో ఉన్నా గిరిజనేతరులకు బదలాయించడానికి వీల్లేదు. అమ్మకమే కాదు, లీజు కూడా బదలాయింపే. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది ఒకప్పుడు గిరిజనుడిదేనని చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం గిరిజనేతరుడిదే. ఇంత గట్టి చట్టాన్ని సవాలు చేస్తే 1988లో సుప్రీంకోర్టు రాజ్యాంగబద్ధమేనని తేల్చింది.

సమత కేసులో ప్రభుత్వ వాదన వేరు. ఈ కట్టుబాట్లు ప్రైవేటు మనుషుల మధ్యనే తప్ప ప్రభుత్వ భూమిని ప్రభుత్వం ఎవరికైనా ఇచ్చుకోవచ్చని వాదించింది. హైకోర్టు ఆ వాదనవైపే మొగ్గి పిటిషన్‌ను కొట్టేసింది. చాలా కేసులు అక్కడితో ఆగిపోతాయి. సమత ఆగలేదు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ ఒకవైపు, జస్టిస్ జి.బి. పట్నాయక్ మరోవైపు. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా ఆ చట్టానికి లోబడాల్సిందే, గిరిజనేతరులకు ఇచ్చిన లీజులు చెల్లవని మెజారిటీ తీర్పు. గనులు తవ్వాలంటే ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థో, గిరిజనుల సహకార సంఘమో తవ్వాలి. నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత గిరిజనుల మంచినీళ్లకు, బడులకు, వైద్యానికి, రోడ్లకు శాశ్వత నిధిగా పెట్టాలి.

మెజారిటీలోని ఇద్దరిలో ఒక్క న్యాయమూర్తి ప్రభుత్వ వాదనవైపు మొగ్గి ఉంటే ఈ కొండల చరిత్ర మరోలా ఉండేది. భూమి లేని గిరిజనుడికి జీవించే హక్కు ఉందనడం ఉత్త మాట అని నేను నమ్ముతాను. రాజ్యాంగం ఐదో షెడ్యూలు కొండలకు కల్పించిన రక్షణకు ప్రాణం పోసింది ఈ తీర్పే.

ప్రభుత్వాలు మాత్రం తేలిగ్గా ఒప్పుకోలేదు. పునఃపరిశీలన కోరుతూ వెళితే 2000లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. తర్వాత బాక్సైట్ వంతు వచ్చింది. తవ్వేది ప్రభుత్వ సంస్థ, ఖనిజం అందుకునేది ప్రైవేటు కర్మాగారం అన్న పద్ధతిలో ఒప్పందాలు కుదిరాయి. తీర్పులో అక్షరం మిగిలింది గానీ సారం పోయిందన్నది ఏజెన్సీ జనం ఆవేదన. అది న్యాయమైనదే. చింతపల్లి, జెర్రెల కొండల్లో 1,212 హెక్టార్ల అడవిని బాక్సైట్‌కు అప్పగిస్తూ 2015 నవంబరులో జీవో 97 వచ్చింది. ఏజెన్సీ భగ్గుమంది. చివరికి 2019లో ఆ జీవోను రద్దు చేశారు. ఈసారి పనిచేసింది రోడ్డెక్కిన జనం. వాళ్ల చేతిలో ఉన్న బలం మాత్రం 1997 తీర్పు.

ఫైలు ఊళ్లోనే మొదలవుతుంది

ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే 32వ అధికరణ కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు. 226వ అధికరణ కింద హైకోర్టుకు వెళ్లే దారి ఇంకా వెడల్పు. ప్రాథమిక హక్కులతో పాటు చట్టం ఇచ్చిన ఇతర హక్కుల కోసమూ తలుపు తట్టవచ్చు. మామూలుగా మొదట హైకోర్టే. బాధితులు రాలేని స్థితిలో ఉంటే వాళ్ల తరఫున మరొకరు ప్రజాప్రయోజన వ్యాజ్యం వేయవచ్చు.

హైకోర్టులో మొదట అడిగే ప్రశ్న ఒకటుంటుంది: సంబంధిత అధికారికి అర్జీ పెట్టుకున్నారా? కలెక్టరుకో, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారికో అర్జీ ఇచ్చి, రెండో ప్రతిమీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోవాలి. ఆ ఒక్క కాగితం లేక నీరుగారిపోయే కేసులెన్నో. దానికి తోడు గ్రామసభ తీర్మానం. పంచాయతీల వ్యవస్థను షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఏజెన్సీ గ్రామసభ మాటకు విలువుంది. తీర్మానం నకలు ఊరి దగ్గరే ఉండాలి. ఫలానా భూమి ఎవరిదన్న సాక్ష్యాల తగవైతే సాధారణంగా రిట్‌లో తేల్చరు. 1/70 కింద స్పెషల్ డిప్యూటీ కలెక్టరు దగ్గర కేసు వేయాలి. హైకోర్టు నుంచి అనుకూలంగా ఉత్తర్వు వచ్చాక అధికారులు అమలు చేయకపోతే కోర్టు ధిక్కార పిటిషన్ ఉంది, కానీ దానికి గడువు ఏడాదే.

తూర్పు కనుమల్లోనే, ఒడిశా నియమగిరిలో గ్రామసభ ఎంత పనిచేయగలదో చూశాం. బాక్సైట్ తవ్వకంపై సభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాదే 12 పల్లెల్లో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి.

అయితే కోర్టు ఎప్పుడూ మనవైపే ఉంటుందనుకోకూడదు. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ గిరిజనులకే ఇస్తూ 2000లో వచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్ 22న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. రక్షణ కల్పించే జీవోను పటిష్ఠమైన చట్టంగా మార్చుకోకుండా ఇరవై ఏళ్లు కాలం గడిపిన పాలకుల నిర్లక్ష్యం అందులో ఎంతో ఉందని నా అభిప్రాయం.

ఇప్పుడు అదే అనంతగిరి మండలంలో పెదకోట దగ్గర పంప్డ్ స్టోరేజీ జలవిద్యుత్ ప్రాజెక్టు తలపెట్టారు. సమత తీర్పు నాటికి పుట్టని పిల్లలు ఇవాళ ఆ ఊళ్లలో ఓటర్లు. ఆ తీర్పు సారాంశాన్ని తెలుగులోనూ, కువి, ఆదివాసీ ఒరియా భాషల్లోనూ ప్రతి సచివాలయం గోడమీదా రాయించాలి. విశాఖలో, అమరావతిలో ప్రాక్టీసు చేస్తున్న యువ న్యాయవాదులు ఏడాదికి ఒక్క ఏజెన్సీ ఫైలైనా చేపట్టాలి.

ఖర్చుకు భయపడి వెనకడుగు వేయనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగల వాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. దగ్గర్లోని మండల న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.